ఉండిపోయినవాళ్ళ ఆస్పత్రులు

కొండల్లో వైద్యం అనగానే మనకు డోలీ గుర్తొస్తుంది. ఆ డోలీలు దించే చోట నూరేళ్ళకు పైగా పనిచేసిన మిషన్ ఆస్పత్రుల సంగతి మాత్రం పెద్దగా తెలియదు. వాటిలో సేవకని వెళ్ళినవాళ్ళు ఎవరు? వాళ్ళ వల్ల ఎవరికి ఏం ఒరిగింది? సోంపేటలో మొదలై ఆఫ్రికాలోని మసాయి పశువుల కాపరుల దాకా వెళ్ళిన కథ ఇది.

పొద్దున్న ఎనిమిదిన్నర. విశాఖ మద్దిలపాలెం జంక్షన్‌లో పార్వతీపురం బస్సు ఆగీ ఆగకముందే ఆటోలు చుట్టుముట్టాయి. దిగేవాళ్ళలో ఆస్పత్రి జనాన్ని ఇట్టే పోల్చుకోవచ్చు. బట్టలకొట్టు సంచిలో ఎక్స్‌రే కవరు, నీళ్ళ సీసా, మడత పెట్టిన దుప్పటి. తలగుడ్డ చుట్టుకున్న ముసలాయన ఫుట్‌బోర్డు మీద కాలు తడుముకుంటూ దిగాడు. వెనకాలే కోడలు.

"కేజీహెచ్‌కి ఎల్తాదేటి బాబూ?"

"ఎక్కమ్మా, ఓపీ టైముకి దింపేస్తాను."

అదే సమయానికి రోడ్డు అవతలి పక్క, విజయనగరం వైపు వెళ్ళే బస్సుల దగ్గర, హౌస్‌సర్జన్సీ ముగించుకున్న ఇద్దరు కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. భుజాలకు బరువైన బ్యాగులు. కొండ మీది ఒక మిషన్ ఆస్పత్రిలో కొన్నాళ్ళు పనిచేయడానికి వెళ్తున్నారు. "పీజీ కోచింగ్ మానేసి అడవులు పట్టుకుపోతావేంట్రా అని మా నాన్న ఒకటే గొడవ," అన్నాడు ఒకడు. "అక్కడ మీతో ఏం చేయిస్తారు?" అంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "వెళ్తే గానీ తెలీదండి."

రోగి కొండ దిగుతున్నాడు, డాక్టరు కొండ ఎక్కుతున్నాడు. ఉత్తరాంధ్రలో ఈ రాకపోకలు ఇప్పటివి కావు.

మళ్ళీ ఎందుకీ చర్చ?

అల్లూరి, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి ఏటా వానాకాలంలో డోలీ ఫొటోలు పేపర్లకెక్కుతూనే ఉన్నాయి. వెదురు బొంగుకు దుప్పటి కట్టి, అందులో నెలలు నిండిన మనిషిని పడుకోబెట్టి, నలుగురైదుగురు భుజాలు మార్చుకుంటూ గెడ్డలు దాటించే దృశ్యం. అలాంటి గూడేలకు దారులు వేయడానికి 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం 'అడవితల్లి బాట' మొదలుపెట్టింది. అదే ఏడాది అనంతపురంలో ఇంకో కలకలం రేగింది. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అక్కడ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు విదేశీ నిధుల అనుమతి ఆగిపోయేసరికి జనం రోడ్డెక్కారు. బత్తలపల్లిలో ఆ ట్రస్టు నడిపే ఆస్పత్రి మూతపడితే తమ గతేమిటన్నది వాళ్ళ భయం.

ఒకచోట దారి లేదు, ఇంకోచోట డబ్బుకు దారి మూసుకుంది. రెండింటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే. సర్కారు చేయి అందని చోట ఎవరో వచ్చి ఆస్పత్రి పెట్టారు, ఇంకెవరో వచ్చి అందులో పనిచేశారు. ఆ ఏర్పాటు ఎన్నాళ్ళు నిలుస్తుంది? దేని మీద నిలుస్తుంది?

పాఠాలు చెప్పమంటే వైద్యం చేసింది

అమెరికాలోని పెన్సిల్వేనియా నుంచి అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చింది. ఆమె డాక్టరే. అయినా లూథరన్ మిషన్ ఆమెను వైద్యానికి పంపలేదు, ఘోషా స్త్రీలకు చదువు చెప్పమని పంపింది. మగ డాక్టరు నాడి పట్టుకోవడానికి కూడా ఒప్పుకోని ఇళ్ళలోకి పుస్తకంతో వెళ్ళిన మనిషి, అక్కడ పురిటి మంచాల మీద ఆడవాళ్ళ అవస్థ చూసి మందుల పెట్టె తెరిచింది. మిషన్ ఆమెను డాక్టరుగా గుర్తించడానికి రెండేళ్ళు పట్టింది. ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆస్పత్రి 1898లో తెరుచుకుంది. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. మధ్యమధ్య స్వదేశానికి వెళ్ళిన సెలవులు తీసేస్తే దాదాపు జీవితమంతా ఇక్కడే గడిచింది.

గోదావరికి ఇవతల కెనడా బాప్టిస్టులు పనిచేశారు. కాకినాడ, భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం వాళ్ళ స్థావరాలు. 1890లలో వచ్చిన డాక్టర్ స్మిత్ కొన్నాళ్ళు యలమంచిలిలో ఉండి తర్వాత పిఠాపురం చేరాడు. 20వ శతాబ్దం తొలి దశకంలో డాక్టర్ జెస్సీ ఎలిన్ అదే ఊరు వచ్చి ఆడవాళ్ళ ఆస్పత్రిని నిలబెట్టింది. తెలంగాణలో స్కాట్లండ్ డాక్టరు ఇజబెల్ కెర్ నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో కుష్ఠురోగుల ఆస్పత్రి తెరిచింది. అప్పట్లో ఆ జబ్బుకు అడవిబాదం నూనె సూదిమందే దిక్కు.

సాలూరు, పార్వతీపురం, కొరాపుట్ ప్రాంతాలకు జర్మనీ నుంచి లూథరన్లు వచ్చారు. సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆస్పత్రి వందేళ్ళు దాటి ఇప్పటికీ నడుస్తోంది. కొండ ఇంకాస్త ఎక్కితే ఒడిశాలోని బిసంకటక్. డెన్మార్క్ డాక్టరు ఎలిజబెత్ మాడ్సెన్ 1954లో అక్కడ చిన్నగా మొదలుపెట్టిన వైద్యశాల ఈనాడు దాదాపు 200 పడకల ఆస్పత్రి. నియమగిరి డోంగ్రియా కోందులకు పెద్దజబ్బు చేస్తే మొదట గుర్తొచ్చే చోటు అదే. విశాఖ నుంచి రాయపూర్ వెళ్ళే రైలు మార్గంలో రాయగడ దాటాక ఆ స్టేషన్ వస్తుంది.

వీళ్ళలో చాలామందిది ఒకే వరస. వచ్చింది ఒక పనికి, చేసింది ఇంకో పని. ఊరు ఏం అడిగిందో అది చేశారు కాబట్టే ఊరు వాళ్ళను ఉండనిచ్చింది.

---

ఏది ఎప్పుడు?

* 1874: ఐర్లండ్‌కు చెందిన వెల్లెస్లీ బెయిలీ లెప్రసీ మిషన్‌ను స్థాపించాడు.
* 1898: గుంటూరులో కుగ్లర్ ఆస్పత్రి.
* 1900: వెల్లూరులో ఐడా స్కడర్ వైద్యసేవలు మొదలు. నేటి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ)కి పునాది ఇదే.
* 1915: డిచ్‌పల్లి కుష్ఠు ఆస్పత్రి. అదే ఏడాది మదనపల్లె ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం.
* 1923: విశాఖలో కేజీహెచ్, వైద్య కళాశాల.
* 1954: బిసంకటక్‌లో క్రిస్టియన్ ఆస్పత్రి.
* 1963: సోంపేట కంటి ఆపరేషన్లకు ఆసరాగా కెనడాలో 'ఆపరేషన్ ఐసైట్'.

---

ఇరవై అయిదు డాలర్ల చూపు

శ్రీకాకుళం జిల్లా సోంపేటను ఇప్పుడు ఉద్దానం కిడ్నీ జబ్బులతో గుర్తుపెట్టుకుంటున్నాం. అరవై ఏళ్ళ కిందట ఆ ఊరు పేరు చెబితే కళ్ళ డాక్టరు గుర్తొచ్చేవాడు. కెనడా బాప్టిస్టు మిషన్ డాక్టర్ బెన్ గల్లిసన్ అక్కడి ఆరోగ్యవరం ఆస్పత్రిలో శుక్లాల ఆపరేషన్లు చేసేవాడు. ఆ రోజుల్లో ముసురుకున్న కటకాన్ని తీసేయడమే, దాని స్థానంలో ఇంకోటి పెట్టడం లేదు. ఆపరేషన్ అయ్యాక కళ్ళకు కట్టుతో రోజుల తరబడి కదలకుండా పడుకోవాలి. కట్టు విప్పాక సోడాబుడ్డి కళ్ళద్దాలు. అవి పెట్టుకున్న ముసలమ్మ మనవడి మొహం తడమకుండా పోల్చుకుంటే చాలు, పక్క ఊరి నుంచి ఇంకో పదిమంది బయల్దేరేవారు.

ఆపరేషన్లకు డబ్బు చాలక గల్లిసన్ స్వదేశం వెళ్ళినప్పుడు సాయం అడిగాడు. ఆయన మాటలు విన్న కాల్గరీ వ్యాపారి ఆర్ట్ జెంకిన్స్ లెక్క వేశాడు. ఒక మనిషికి చూపు తెప్పించడానికి పాతిక డాలర్లు. ఆ లెక్క పట్టుకుని తెలిసినవాళ్ళందరినీ అడిగాడు. అలా 1963లో పుట్టిన సంస్థే 'ఆపరేషన్ ఐసైట్'. జెంకిన్స్ డాక్టరు కాదు. తనకు వచ్చిన పని డబ్బు పోగుచేయడం, అదే చేశాడు.

ఆ సంస్థ తర్వాత ఆఫ్రికా వెళ్ళింది. కెన్యాలో నరోక్ ప్రాంతం మసాయిలది. పశువులే వాళ్ళ ఆస్తి, పాలే తిండి. ఇళ్ళ మధ్యనే మందను కట్టేసుకుంటారు. పేడ, ఈగలు, నీటి కరువు మూడూ కలిసిన చోట ట్రకోమా అనే కంటిజబ్బు పెరుగుతుంది. మళ్ళీ మళ్ళీ సోకి రెప్ప లోపలి చర్మం ముడుచుకుపోతే, రెప్పవెంట్రుకలు లోపలికి తిరిగి, రెప్ప వేసిన ప్రతిసారీ నల్లగుడ్డును గీరుతుంటాయి. పిల్లల్ని ఎత్తుకునే తల్లులకే ఈ బాధ ఎక్కువ. అక్కడ కత్తి ఒక్కటే సరిపోలేదు. రెప్ప సరిచేసే చిన్న ఆపరేషన్, యాంటీబయాటిక్ బిళ్ళలు, పిల్లల మొహాలు కడిగించడం, నీళ్ళ కోసం బోర్లు, మరుగుదొడ్లు అన్నీ కలిపి చేయాల్సి వచ్చింది. సోంపేట ముసలివాళ్ళ చూపు కోసం పుట్టిన సంస్థ మసాయి పల్లెల్లో బోర్లు వేయించింది. మన దేశం ట్రకోమా పీడ వదిలించుకుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 అక్టోబరులో ప్రకటించింది.

---

మసాయి నేల, మన మన్యం

పశువులతో బతికే చోట జబ్బులు కూడా పశువుల నుంచే వస్తాయి. చచ్చిన గొడ్డు మాంసం పారేయడానికి మనసొప్పని పేదరికం రెండుచోట్లా ఒకటే. అరకు, హుకుంపేట వైపు దొమ్మ రోగం అంటే ఆంత్రాక్స్ ఇలాగే సోకింది. చేతుల మీద నొప్పి తెలియని నల్లటి పుండ్లతో గిరిజనులు కేజీహెచ్‌కు వచ్చారు. టాంజానియాలో గోరోంగోరో మసాయిలకూ ఆంత్రాక్స్ కొత్త కాదు. పచ్చిపాల వల్ల వచ్చే బ్రుసెల్లా జ్వరం అదనం. దూరాల మాటకొస్తే అక్కడ డోలీ కూడా చాలదు. అందుకే 1957లో ముగ్గురు సర్జన్లు కలిసి తూర్పు ఆఫ్రికాలో విమానంలో తిరిగే డాక్టర్ల సేవ మొదలుపెట్టారు. అదే నేటి ఆమ్రెఫ్.

---

వార్డులో ఒక పూట

కొండ ఆస్పత్రుల్లో పొద్దు పొయ్యి పొగతో మొదలవుతుంది. వార్డుల వెనక రేకుల షెడ్డులో రోగుల వెంట వచ్చినవాళ్ళు అంబలి కాచుకుంటారు. ఒక్కరికి జబ్బు చేస్తే ఇంటిల్లిపాదీ దిగడం అక్కడ మామూలే. పసిపిల్లను ఇంట్లో ఎవరికి వదిలేస్తారు?

ఓపీలో జ్వరంతో వచ్చిన ఆరేళ్ళ పిల్లాణ్ణి నర్సు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది. వేలు తుడిచి సూదితో చిన్న పోటు. ఒక్క బొట్టు నెత్తురు ప్లాస్టిక్ పట్టీ గుంటలో పడుతుంది, దాని మీద రెండు మూడు చుక్కల ద్రావకం. పావుగంట ఆగాలి. ఒక గీత వస్తే మలేరియా లేనట్టు, రెండో గీత తేలితే ఉన్నట్టు. ఈ పావుగంటలో కొత్తగా వచ్చిన డాక్టరు గడియారం చూస్తుంటాడు. నర్సు మాత్రం తల్లితో కువిలోనో సవరలోనో మాట్లాడుతుంటుంది. పిల్లాడు నిన్నటి నుంచి ఏం తిన్నాడు, మూత్రం ఏ రంగులో పోశాడు, ఊళ్ళో ఇంకెవరికి జ్వరం ఉంది, ఊరి నాటువైద్యుడు ఎజ్జోడికి చూపించారా, ఏం పసరు పోశారు? ముదిరిన ఫాల్సిపారం మలేరియాలో మూత్రం నల్లబడొచ్చు. ఆ ఒక్క జవాబుతో పిల్లాడు ఓపీ బెంచీ మీద నుంచి వార్డు మంచం మీదకు మారతాడు. మాట తెలియని డాక్టరు చేతిలో ఎన్ని డిగ్రీలున్నా ఆ జవాబు అందదు.

మన్యం భాషల్ని పట్టించుకోవాలని మొదట పట్టుబట్టినవాళ్ళలో గిడుగు రామమూర్తి పంతులు ఒకరు. పర్లాకిమిడిలో ఉంటూ సవర నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ళ మాటలోనే బడి పెట్టాడు. ఆయన తయారుచేసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆస్పత్రులకు ఆ పాఠం అందడానికి ఇంకా చాలాకాలం పట్టింది.

వచ్చిపోయేవాళ్ళతో పేచీ

సేవకు వెళ్ళేవాళ్ళంతా ఒక్క రకం కాదు. వెల్లూరు సీఎంసీలో మిషన్ల తరఫున సీటు తెచ్చుకున్న విద్యార్థి చదువయ్యాక రెండేళ్ళు ఏదో ఒక మిషన్ ఆస్పత్రిలో పనిచేయాలి. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ అడవుల్లోని ఆస్పత్రులకు డాక్టర్లు చాలావరకు ఆ దారినే వస్తారు. రెండేళ్ళంటే మాట వస్తుంది, ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో తెలుస్తుంది, వార్డు బాయ్ సలహా ఎప్పుడు వినాలో తెలుస్తుంది. కొందరు అక్కడే స్థిరపడతారు. సీఎంసీలో చదివిన డాక్టర్ జాన్ చెరియన్ ఊమెన్ అలా బిసంకటక్ చేరి, కోందు పల్లెల్లో మలేరియా మీద ఏళ్ళ తరబడి పనిచేశారు.

రెండో రకం రెండు మూడు వారాల వాలంటీర్లు. వీళ్ళలో కష్టపడేవాళ్ళకు కొదవలేదు. అయితే వాళ్ళకు బస చూడాలి, తిండి చూడాలి, ఒక నర్సును దుబాసీగా ఇవ్వాలి. జ్వరం వస్తే వాళ్ళకే సెలైను పెట్టాలి. ఆ నర్సు ఆ పూట చూడాల్సిన పది మంచాలు ఇంకొకరి మీద పడతాయి. వెళ్ళే రోజు పిల్లలతో ఫొటో దిగుతారు. రోగి అనుమతి లేకుండా ఆ ఫొటో ఫోన్లలో తిరుగుతుంది. ఇదే ఫిర్యాదు ఆఫ్రికా ఆస్పత్రుల నుంచీ వినిపిస్తోంది. ఎర్ర దుప్పటి కప్పుకున్న మసాయి మనిషి పక్కన నిలబడి తీసుకున్న ఫొటోలు కోకొల్లలు.

తక్కువ రోజులకు వెళ్ళి కూడా పనికొచ్చేవాళ్ళున్నారు. మూలపడ్డ ఎక్స్‌రే మిషన్‌ను బాగుచేసే ఇంజనీరు, మత్తుమందు డాక్టరుకు సెలవు దొరికేలా పదిహేను రోజులు ఆ కుర్చీలో కూర్చునే ఇంకో మత్తుమందు డాక్టరు, మందుల స్టాకు కంప్యూటర్‌లోకి ఎక్కించే అకౌంటెంటు. ఆస్పత్రి ఫలానా పని కావాలని అడిగింది, వీళ్ళు ఆ పని చేసి వచ్చారు. స్టీల్‌ప్లాంటూ షిప్‌యార్డూ ఉన్న విశాఖలో అలాంటి చేతులకు కరువు లేదు.

---

వెళ్ళాలనుకుంటే

* ముందు ఆస్పత్రికి ఉత్తరం రాసి ఏ పనికి మనిషి కావాలో అడగండి. మీకు చేయాలనిపించింది ఏమిటో తర్వాత చెప్పొచ్చు.
* డాక్టరైనా నర్సైనా ఆ రాష్ట్రంలో పనిచేయడానికి రిజిస్ట్రేషన్ సరిచూసుకోండి. చదువు పూర్తికానివాళ్ళు కుట్లు వేయడం, సూది పొడవడం సేవ కిందికి రాదు.
* ఇక్కడ చేయడానికి అర్హత లేని పని అక్కడా చేయకండి.
* దోమతెర, మలేరియా జాగ్రత్తలు తప్పనిసరి.
* రోగి ఫొటో తీయొద్దు. తీయాల్సి వస్తే ఆస్పత్రి రాతపూర్వక అనుమతి, రోగి ఒప్పుకోలు రెండూ ఉండాలి.
* మీరు తిరిగొచ్చాక ఆ పని ఎవరు చేస్తారో వెళ్ళకముందే అడగండి.

---

మతం మాట, డబ్బు మాట

మిషన్ ఆస్పత్రి అనగానే మతమార్పిడి ప్రశ్న వస్తుంది. రాక తప్పదు. ఆ ఆస్పత్రుల్ని పెట్టినవాళ్ళు మతప్రచారం కోసమే సముద్రం దాటి వచ్చారు, ఆ సంగతి వాళ్ళెప్పుడూ దాచలేదు. మంచం మీద దిక్కులేక పడున్న మనిషి ముందు ప్రార్థన చేస్తే కాదనే ధైర్యం అతనికి ఉంటుందా అన్న అనుమానంలో న్యాయముంది. అదే సమయంలో గుంటూరులో కుగ్లర్ వైద్యానికి కృతజ్ఞతగా ఏలూరు జమీందారు రోగుల బంధువులకు సత్రం కట్టించాడు. మతం మారకుండానే ఆస్పత్రిని తమదనుకున్నవాళ్ళు ఆనాడే ఉన్నారు. ఈ గొడవ ఎంత దూరం పోగలదో 1999 జనవరిలో ఒడిశా చూసింది. మయూర్‌భంజ్‌లో కుష్ఠురోగుల మధ్య పనిచేసిన ఆస్ట్రేలియా వాసి గ్రాహమ్ స్టెయిన్స్‌ను, అతని ఇద్దరు చిన్నపిల్లల్ని జీపులోనే తగలబెట్టారు. భార్య గ్లాడిస్ ఆ తర్వాత కొన్నేళ్ళు అక్కడే ఉండి ఆ పని కొనసాగించింది. 2005లో పద్మశ్రీ అందుకుంది.

ఇప్పుడు ఈ ఆస్పత్రుల పీక నొక్కుతున్నది డబ్బు. వలసపాలన నాటి విరాళాలు ఎప్పుడో ఇంకిపోయాయి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణతో ఒక సంస్థ తెచ్చుకున్న నిధిని ఇంకో సంస్థకు ఇవ్వడం కుదరదు, నిర్వహణ ఖర్చు 20 శాతం దాటకూడదు. జవాబుదారీ కోసమే ఈ నిబంధనలని ప్రభుత్వం అంటుంది. నిజంగానే లెక్క చెప్పాల్సినవాళ్ళు ఉన్నారు. కానీ పెద్ద సంస్థ దగ్గర తీసుకుని అడవిలోని చిన్న ఆస్పత్రికి ఇచ్చే దారి మూసుకుపోయింది. కార్పొరేట్ ఆస్పత్రుల జీతాలు ఇవ్వలేక, రోగుల దగ్గర ఫీజు పెంచలేక, ఒకప్పుడు పేరు మోసిన చాలా మిషన్ ఆస్పత్రులు సగం వార్డులకు తాళాలు వేసుకున్నాయి.

సర్కారు ఎక్కిన మెట్లు

ఇంకోవైపు ప్రభుత్వం కొండ ఎక్కుతోంది. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మొదలైంది. అది వెళ్ళలేని దారుల్లోకి తర్వాత బైక్ అంబులెన్సులు వచ్చాయి. 2018లో సాలూరులో పార్వతీపురం ఐటీడీఏ చేసిన ఆలోచన వాటన్నిటికన్నా సులువైనది. నొప్పులు మొదలయ్యాక డోలీలో దించే బదులు, నెలలు నిండకముందే గర్భిణుల్ని కిందికి తెచ్చి వసతి గృహంలో ఉంచారు. వేళకు తిండి, పరీక్షలు, పక్కనే ఆస్పత్రి. ఆ నమూనా తర్వాత ఇతర గిరిజన ప్రాంతాలకూ పాకింది. పాడేరులో వైద్య కళాశాల వచ్చింది. సికిల్ సెల్ రక్తహీనత మీద 2023లో జాతీయ కార్యక్రమం మొదలైంది. విశాఖలో హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి 2006 నుంచి ఉంది కాబట్టి శుక్లాల కోసం ఈ చుట్టుపక్కలవాళ్ళెవరూ కెనడా వైపు చూడక్కర్లేదు.

అయితే కొండ మీది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పోస్టు మంజూరైనంత మాత్రాన ఆ కుర్చీలో మనిషి ఉన్నట్టు కాదు. బదిలీ కోసం చూసే డాక్టరుకూ రెండు వారాల వాలంటీరుకూ రోగి కళ్ళకు పెద్ద తేడా కనబడదు. ఇద్దరూ వెళ్ళిపోయేవాళ్ళే. మిషన్ ఆస్పత్రుల నుంచి ప్రభుత్వం నేర్చుకోవాల్సిన పాఠం ఉంటే అది వాటి నర్సింగ్ స్కూళ్ళలో ఉంది. గుంటూరు నుంచి బిసంకటక్ దాకా ఆ ఆస్పత్రులు ఆడపిల్లల్ని తీసుకుని నర్సులుగా తీర్చిదిద్దాయి. విదేశీ డాక్టర్లు ఓడ ఎక్కారు, విమానం ఎక్కారు. ఆ నర్సుల్లో చాలామంది మాత్రం అక్కడే పెళ్ళి చేసుకుని, అక్కడే పిల్లల్ని కని, రాత్రి డ్యూటీలు చేసి రిటైరయ్యారు. ఆస్పత్రి నడిచింది వాళ్ళ చేతుల మీద.

కాబట్టి కురుపాం, జి.మాడుగుల, ముంచంగిపుట్టు మండలాల్లో ఇంటర్ బైపీసీ చదివిన సవర, జాతాపు, కోందు అమ్మాయిలకు నర్సింగ్ సీటు, హాస్టలు, చదువయ్యాక సొంత మండలంలోనే ఉద్యోగం ఖాయం చేస్తే, డాక్టరు లేని రోజున కూడా మలేరియా పట్టీ చదివే మనిషి ఆ కొండ మీద ఉంటుంది. నగరం నుంచి వెళ్ళే డాక్టర్లు ఆ అమ్మాయిలకు పాఠం చెప్పే పనికి వెళ్తే, ఏడాది ఉన్నా ఆరు నెలలే ఉన్నా ఆ సేవ లెక్కకు వస్తుంది. మద్దిలపాలెం కుర్రాళ్ళ లాంటివాళ్ళు "అక్కడ ఏం చేయాలి?" అని అడిగితే ఆస్పత్రులు ఇవ్వాల్సిన మొదటి జవాబు అదే.